ఎలుకల మందు

గుంటూరులో మార్చి నెల
గాలిక్కూడా ఘాటుంటుంది.
మిర్చి యార్డు మీదుగా వచ్చే బస్సులో
ముక్కూ మొహం తెలియని వాళ్ళం
ఒకే ఇంటివాళ్ళలా తుమ్ముతాం.
ల్యాబ్ తలుపు మూసుకుని, చేతొడుగులు తొడుక్కుని
తొంభై ఆరు గుంటల ప్లేటు ముందు కూచున్నాను.

పై నాలుగు వరసలు ఎలుకల కణాలు.
కింది నాలుగూ మనుషులవి.
అందులో ఒక వరస నాది, ఒకటి ఏసోబుది.
జంతువుల గది చూసుకునే ఏసోబు
"సూదికి భయమేందమ్మా,
రోజూ వాటిని పట్టిచ్చేది నేనేగా"
అంటూ తనే చెయ్యి చాపాడు.

నిన్న సాయంత్రం అందరికీ ఒకే మందు పోశాను.
ఒకే కొలత, ఒకే వెచ్చదనం, ఒకే రాత్రి.

ఆ మందు సంగతి చెప్పాలి.
కణం లోపల ఒక కాపలావాడు నిద్రపోతుంటాడు.
మందు వెళ్ళి వాడి గుప్పిట్లో ఇమిడిందంటే
ఉలిక్కిపడి లేచి ఊరంతటికీ కేకేస్తాడు.
ఆ కేకకి నెత్తురులో ఉన్న కుర్రాళ్ళంతా
కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు.
ఏడు వారాల కింద ఎలుకల డొక్కల్లో
రేగుపండంత గడ్డలు.
వారం తిరిగేసరికి సెనగగింజ.
ఆ పై వారం నా వేలికి ఏమీ తగల్లేదు.
అఫ్సరున్నీసా మేడమ్ బ్రాడీపేట రెండో లైను నుంచి
మైసూర్‌పాక్ తెప్పించి పంచారు.
ఆ సాయంత్రం పెద్దాసుపత్రిలో క్యాన్సర్ వార్డు దాటుతూ
ఆ మంచాలకేసి
ఏదో మాటిచ్చేసినదానిలా చూశాను.

ఈ పొద్దున ఆఖరి ఆమ్లం చుక్క వేశాను.
ఎలుకల వరసలు పసుపు.
పెళ్ళికూతురి పాదాలంత పసుపు.
మనుషుల వరసలు నీళ్ళు.
ప్లేటు తిప్పి చూశాను, లైటు మార్చి చూశాను.
నాది నీళ్ళు.
ఏసోబుది నీళ్ళు.

మన కాపలావాడి గుప్పిట్లో
ఎక్కడో ఒక్క అక్షరం వేరు.
మందుకీ ముందుకీ కొమ్మొకటే తేడా,
దారి తప్పడానికి అది చాలు.

"ఏందమ్మా, మనోళ్ళు పలకలేదా?"
వెనక ఏసోబు, చేతిలో ఊక బకెట్టు.
చెప్పాను. బకెట్టు దించకుండానే అంతా విన్నాడు.
"మా ఆడమనిషి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసుద్ది.
కొంగులో పడ్డ గింజలు వాకిట్లో దులిపితే
కోళ్ళు కరకరా తింటయ్.
ఒక్కదానికీ కంట నీళ్ళు రావు.
అదే గింజ కొరికిన ఎలుక
మళ్ళీ ఆ మూట కాడికి రాదు.
కారం కాడ ఎలుకా మనమూ ఒక జట్టు, కోడిది వేరు.
మీ మందు కాడ ఎలుకది వేరు.
అంతేగా?"

అంతే.
మూడేళ్ళూ, అరువు తెచ్చుకున్న ఆ యంత్రమూ,
వార్డు మంచాలకి నేనివ్వని మాటా,
అంతే.

"ఎలుకల మందంటే," అన్నాడు మళ్ళీ, నవ్వకుండా,
"ఇన్నాళ్ళూ చంపేదే అనుకున్నా."

చేతొడుగులు తీసేసి రిజిస్టరు తెరిచాను.
మానవ కణాలు: స్పందన లేదు.
రాసి, కన్ను నలుపుకున్నాను.
బస్సు కమ్మీ మీది కారం
ఇంకా వేలి కొసన ఉన్నట్టుంది.
భగ్గుమంది.
ఆ ఒక్కటీ వెంటనే పలికింది.
కుళాయి కింద మొహం పెట్టి నిలబడ్డాను,
ఎంతసేపో తెలీదు.

పక్కగదిలో పంజరాల చప్పుడు.
గడ్డలు కరిగిన ఆ పదకొండూ
ఆకలిగా ఊచలు కొరుకుతున్నాయి.
"అమ్మా," ఏసోబు గొంతు,
"పనయిపోయిందిగా... వీటికి రేపు కొత్త ఊక వెయ్యాల్నా, వద్దా?"

నీళ్ళు కారుతున్న మొహంతోనే చెప్పాను,
వెయ్యమని.